బండి మొరాయిస్తే పాలు ఆగకూడదు

పొదుగు నుంచి అప్పుడే పిండిన పాలు సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో వుంటాయి. పాలను పులియజేసే సూక్ష్మజీవులకు ఈ వేడి మిక్కిలి అనుకూలం. తాజా పాలలో వుండే సహజమైన రక్షణ శక్తి కొద్దిసేపు వాటికి అడ్డుపడుతుంది. ఆ శక్తి తగ్గిన తరువాత కొన్ని జాతుల సూక్ష్మజీవులు 20, 30 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. కేంద్రంలోని కూలరులో పాలు 4 డిగ్రీలకు చల్లబడినప్పుడే వాటి జోరు తగ్గుతుంది. కాబట్టి పాకకూ కూలరుకూ మధ్య గడిచే ప్రతి నిమిషానికీ విలువ వుంది.

ఇప్పుడు చాలా శివారు పల్లెల నుంచి, తండాల నుంచి పాలు మోటారు సైకిలు మీదనే కేంద్రానికి వస్తున్నాయి. ఒక్క బండి మీద నాలుగైదు ఇళ్ళ పాలు వస్తాయి. ఆ బండి ఒక ఉదయం స్టార్టు కాకపోతే నష్టం బండి యజమాని ఒక్కడిది కాదు. వేసవిలో గంట ఆలస్యమైన క్యాను కేంద్రంలో మరిగించి చూసేటప్పుడు విరిగిపోతే ఆ నాలుగైదు ఇళ్ళ పూట రాబడీ పోయినట్లే. అందుచేత పశుపోషణ, పశుగ్రాసాల విషయాలు చెప్పే ఈ పుటలలో ఈసారి బండి విషయం చెప్పదలచాము.

పల్లెల్లో మేము తరచు చూసే దృశ్యం ఒకటి వుంది. బండికి రెండు వైపులా క్యానులు వేలాడుతుంటాయి. యజమాని చోకు లాగి, యాక్సిలరేటరు తిప్పుతూ, చెమటలు కారుతుండగా యాభై కిక్కులు కొడతాడు. అరగంట గడుస్తుంది. చివరికి పక్కింటి కుర్రవాడు వచ్చి, "అన్నా, ఈ ఎర్ర స్విచ్చి చూశావా?" అని నొక్కుతాడు. అప్పటికి ప్లగ్గు పెట్రోలులో మునిగి వుంటుంది. స్విచ్చి సరిచేసినా బండి కదలదు.

గేదె చేపకపోతే మనం కర్ర పట్టుకుని కొట్టము. దూడను విడిచామా, మేత తిన్నదా, పొదుగు గట్టిపడిందా, కొత్త మనిషిని చూసి బెదిరిందా అని ఒక్కొక్కటే చూస్తాము. బండి విషయంలోనూ పాటించవలసింది ఇదే. కిక్కు మీద కిక్కు కొట్టడం వైద్యం కాదు. వరుసగా చూడడమే వైద్యం.

ముందు పాల సంగతి

బండి ఆరు కిక్కులకు స్టార్టు కాకపోతే కాలు దించి, ముందుగా క్యానులు దించండి. ఒక్క వైపు క్యాను మాత్రమే దించితే బండి రెండోవైపు ఒరిగిపోతుంది. కనుక ఇంకొకరి సాయంతో రెండింటినీ ఒకేసారి దించాలి. క్యానులను నీడలో పెట్టి, మూత బిగించి, తడి గోనె చుట్టండి. గోనెలోని తడి ఆరుతున్నకొద్దీ క్యాను కొంత చల్లబడుతుంది.

తరువాత గడియారం చూసుకోండి. బండికి మీరు ఇచ్చే గడువు పది నిమిషాలు. ఆలోగా స్టార్టు కాకపోతే పాలను వేరే బండి మీద పంపించి, తీరికగా మరమ్మతు చూసుకోండి. అవసరం వచ్చినప్పుడు ఎవరి బండిని అడగాలో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. ఒక వాడలో ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒకరికొకరు ఇటువంటి మాట ఇచ్చుకుంటే ఏ పూటా పాలు ఆగవు.

ఇంజను అడిగేవి నాలుగే

పొయ్యి వెలగాలంటే కట్టె, నిప్పు, గాలి కావాలి. ఇంజనుకు కూడా అవే కావాలి. కట్టెకు బదులు పెట్రోలు, నిప్పుకు బదులు ప్లగ్గు ఇచ్చే రవ్వ, వాటితోపాటు ఎయిర్ ఫిల్టరు ద్వారా వచ్చే గాలి. ఇవి మూడూ కలిసి సిలిండరులో గట్టిగా నొక్కబడాలి. ఆ నొక్కుడే నాలుగోది. బండి స్టార్టు కాలేదంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అందలేదని అర్థం. ఏది అందలేదో తెలుసుకోవడమే మన పని. ఖర్చు లేనివి, చేయి మురికి కానివి ముందుగా చూడాలి.

మొదటి నిమిషం: స్విచ్చులు

1. తాళం పూర్తిగా తిరిగిందో లేదో చూడండి. గేరు న్యూట్రలులో వుందా? న్యూట్రల్ దీపం వెలుగుతున్నదా?

2. హ్యాండిలుకు కుడివైపు ఇంజనును ఆపే ఎర్ర స్విచ్చి చాలా బండ్లకు వుంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కుతారు. క్యాను తాడు తగిలి కూడా అది జరుగుతుంది.

3. కొత్త బండ్లలో కొన్నింటికి సైడు స్టాండు వేసి వుండగా ఇంజను స్టార్టు కాకుండా ఏర్పాటు వుంది. స్టాండు పూర్తిగా పైకి లేపి చూడండి. స్టాండు దగ్గర పేడ, మట్టి పేరుకున్నా స్విచ్చి పనిచేయకపోవచ్చు.

4. సెల్ఫు నొక్కేటప్పుడు క్లచ్చి కూడా పట్టుకోండి. కొన్ని బండ్లకు అది తప్పనిసరి.

రెండవ నిమిషం: పెట్రోలు

ముల్లు చూపే లెక్కను నమ్మవద్దు. ట్యాంకు మూత తీసి కంటితో చూడండి. చీకటిగా వుంటే టార్చి వాడండి. అగ్గిపుల్ల గాని, లాంతరు గాని దగ్గరకు తేవద్దు. పెట్రోలు కన్నా ముందు దాని ఆవిరే అంటుకుంటుంది.

కార్బురేటరు వున్న బండికి ట్యాంకు కింద కాకు వుంటుంది. రాత్రి కట్టిన కాకును ఉదయం తెరవడం మరచిపోవడం మామూలే. పెట్రోలు తక్కువగా వుంటే కాకును రిజర్వుకు తిప్పి, ఒక నిమిషం ఆగి కిక్కు కొట్టండి.

ట్యాంకు మూతకు గాలి ఆడే సన్నని రంధ్రం వుంటుంది. దుమ్ము చేరి అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. బండి కొంత దూరం నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ స్టార్టు అయితే ఈ రంధ్రాన్ని అనుమానించాలి. మూత వదులు చేసి చూడండి. స్టార్టు అయితే జబ్బు దొరికినట్లే.

వానాకాలంలో పెట్రోలులో నీరు చేరుతుంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థితి వచ్చింది. ఇథనాలుకు నీటిని కలుపుకొనే గుణం వుంది. కొద్దిపాటి నీరు దానిలో కలిసిపోతుంది. నీరు ఎక్కువైతే ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతాయి. ఇంజనుకు పెట్రోలు వెళ్ళేది కూడా అడుగు నుంచే. కార్బురేటరు గిన్నె అడుగున చిన్న డ్రెయిను స్క్రూ వుంటుంది. దాన్ని వదులు చేసి, దిగే పెట్రోలును గాజు సీసాలో పట్టండి. సీసా అడుగున వేరే పొర గాని, బొట్లు గాని కనిపిస్తే నీరు చేరినట్లు. శుభ్రమైన పెట్రోలు వచ్చేవరకు వదిలి, స్క్రూ బిగించండి. పాత బండ్లలో పెట్రోలు పైపు రబ్బరు పగిలిందేమో కూడా చూడండి.

చోకు ఎప్పుడు, ఎంత?

చలికాలంలో రాత్రంతా ఆగిన బండికి చోకు అవసరం. చోకు లాగినప్పుడు గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. అప్పుడు యాక్సిలరేటరు తిప్పవద్దు. ఇంజను స్టార్టు అయి కాస్త వేడెక్కగానే చోకు తీసివేయాలి. వేడిగా వున్న ఇంజనుకు చోకు పనికిరాదు.

చోకు లాగి ఎడతెగకుండా కిక్కులు కొడితే సిలిండరులోకి పెట్రోలు ఎక్కువగా చేరి ప్లగ్గు తడిసిపోతుంది. పెట్రోలు వాసన ఘాటుగా వస్తే ఇదే కారణం. అప్పుడు కాకు కట్టి, చోకు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి. లోపలి పెట్రోలు గాలితో బయటికి పోతుంది. అయినా స్టార్టు కాకపోతే ప్లగ్గు విప్పి ఆరబెట్టాలి.

ప్లగ్గు చెప్పే కబురు

ప్లగ్గు విప్పే ముందు దానిచుట్టూ వున్న దుమ్మును గుడ్డతో తుడవండి. లేకపోతే ఆ దుమ్ము సిలిండరులో పడుతుంది. ఇంజను బాగా వేడిగా వున్నప్పుడు ప్లగ్గు విప్పవద్దు. హెడ్డు అల్యూమినియంది కనుక మరలు చెడిపోతాయి.

ప్లగ్గు కొనను చూస్తే ఇంజను ఆరోగ్యం చాలావరకు తెలుస్తుంది.

లేత గోధుమ రంగులో పొడిగా వుంటే ఇంజను సక్రమంగా మండుతున్నది.

తడిగా, పెట్రోలు వాసనతో వుంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా రవ్వ రావడం లేదు.

పొడి మసితో నల్లగా వుంటే పెట్రోలు పాలు ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి.

జిడ్డుగా నల్లగా వుంటే ఇంజను ఆయిలు పైకి వస్తున్నది. ఇది మెకానిక్కు చూడవలసిన విషయం. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే పాత రెండు స్ట్రోకుల బండి అయితే ఆయిలు కొలత ఎక్కువైనట్లు కూడా కావచ్చు.

ఎన్ని కిక్కులు కొట్టినా పూర్తిగా పొడిగా వుంటే పెట్రోలు సిలిండరుకు చేరడం లేదు. మళ్ళీ ట్యాంకు దగ్గర నుంచి చూసుకు రావాలి.

కార్బురేటరు బండికి రవ్వను పరీక్షించే పద్ధతి ఇది. కాకు కట్టి, చిందిన పెట్రోలు తుడవండి. ప్లగ్గును దాని క్యాపులో పెట్టి, ప్లగ్గు మరల భాగం ఇంజను లోహానికి ఆనేటట్లు, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఆనించండి. చేతితో ప్లగ్గును పట్టుకోవద్దు. గట్టిగా షాకు కొడుతుంది. ఇంకొకరిని కిక్కు కొట్టమనండి. నీలి రంగు రవ్వ చిటపటమని వస్తే మంచిది. ఎర్రగా, బలహీనంగా వచ్చినా, అసలు రాకపోయినా ముందు ప్లగ్గును మార్చి చూడండి. కొత్త ప్లగ్గుతో కూడా రాకపోతే క్యాపు వదులైందేమో, వానకు తడిసిందేమో, ఎలుకలు వైరు కొరికాయేమో చూడాలి. దాణా బస్తాల పక్కన నిలిపే బండ్లకు ఎలుకల బెడద సహజం.

ప్లగ్గు కొనల మధ్య సందు చాలా బండ్లకు 0.6 నుంచి 0.9 మి.మీ. మధ్య వుంటుంది. మీ బండికి ఎంతో దానితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేతితోనే తిప్పి, తరువాత స్పానరు వాడండి.

గాలి దారి

గడ్డి కోసేచోట, దాణా ఆడించేచోట తిరిగే బండి ఫిల్టరులో నూగు, దుమ్ము త్వరగా చేరుతాయి. స్పాంజి ఫిల్టరు అయితే కడిగి, ఆరబెట్టి, పుస్తకంలో చెప్పినట్లు ఆయిలు పట్టించవచ్చు. కాగితపు ఫిల్టరును కడగకూడదు, మార్చాలి. బండి కొన్నాళ్ళు కదలకుండా వుంటే సైలెన్సరు గొట్టంలో పురుగులు మట్టిగూడు పెట్టిందీ లేనిదీ చూడండి. పొగ బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

సెల్ఫు తిరగకపోతే

సెల్ఫు నొక్కితే టిక్కుమని మాత్రమే వినిపించినా, హారను గొంతు పోయినట్లు మోగినా బ్యాటరీలో శక్తి తగ్గిందని గ్రహించాలి. బ్యాటరీ కొనల దగ్గర తెల్లని, పచ్చని పొక్కు పట్టిందేమో చూసి, తాళం తీసివేసి శుభ్రం చేసి బిగించండి. ఒక్కోసారి జబ్బంతా అంతే. సెల్ఫును ఒకేసారి ఐదు సెకండ్లకు మించి నొక్కవద్దు. మళ్ళీ నొక్కే ముందు పది సెకండ్లయినా ఆగండి.

ఫ్యూజు పోతే అదే కొలత గల ఫ్యూజు వేయాలి. రాగి తీగ చుట్టి నడిపితే ఎక్కడో ఒకచోట వైర్లు కాలి, బండికే నిప్పు అంటుకోవచ్చు.

గేర్ల బండిని రెండో గేరులో తోసి స్టార్టు చేయడం అందరికీ తెలిసినదే. క్యానులు వుండగా మాత్రం ఆ పని చేయవద్దు. బండి ఒక్క ఉదుటున ముందుకు పోతే పాలూ మనిషీ కింద పడతారు. గేర్లు లేని స్కూటర్లకు ఈ పద్ధతి పనికిరాదు.

ఇంజెక్షను బండ్లు

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 కాలుష్య నిబంధనలు అమలయ్యాయి. ఆ తరువాత వచ్చిన బండ్లలో చాలా వాటికి కార్బురేటరు లేదు. చోకు కూడా లేదు. ట్యాంకులోని విద్యుత్తు పంపు పెట్రోలును పంపుతుంది; ఎంత చిమ్మాలో చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది.

ఈ బండ్లలో తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకండ్లు సన్నగా గుయ్యిమంటుంది. ఆ చప్పుడు ఆగిన తరువాత స్టార్టు చేయాలి. చప్పుడే రాకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడండి. పంపుకూ కంప్యూటరుకూ కరెంటు కావాలి కనుక, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్కు కొట్టినా ఫలితం లేకపోవచ్చు. ఇంజను బొమ్మ వున్న దీపం ఆరకుండా వెలుగుతుంటే సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళండి. పైన చెప్పిన రవ్వ పరీక్షను ఈ బండ్లకు ఇంటివద్ద చేయవద్దు; కంప్యూటరు చెడిపోయే ప్రమాదం వుంది. ట్యాంకు అడుగంటేవరకు నడపడం కూడా మంచిది కాదు. పంపును చల్లగా వుంచేది దాని చుట్టూ వున్న పెట్రోలే.

బండి నీట మునిగితే

వాగు దాటుతుండగా ఇంజను ఆగిపోయినా, వరదలో బండి మునిగినా అక్కడికక్కడే స్టార్టు చేయడానికి ప్రయత్నించవద్దు. నీరు నొక్కుడుకు లొంగదు. సిలిండరులో నీరు వుండగా ఇంజనును తిప్పితే లోపలి కడ్డీ వంగిపోతుంది. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే దానిలో నీరు చేరినట్లు. ప్లగ్గు విప్పి నీరు తీసి, ఆయిలు మార్చిన తరువాతనే స్టార్టు చేయాలి. ఈ పని మెకానిక్కు చేత చేయించడం ఉత్తమం.

మెకానిక్కుకు అప్పగించవలసినవి

పెట్రోలు వస్తున్నది, రవ్వ బాగుంది, గాలి దారి తెరిచే వుంది, అయినా బండి పలకడం లేదంటే నాలుగోదైన నొక్కుడును చూడాలి. కిక్కు ఏమాత్రం బిగువు లేకుండా జారిపోతుంటే ముందు ప్లగ్గు వదులుగా వుందేమో చూడండి. కాకపోతే వాల్వులు, రింగులు చూడవలసి వుంటుంది. అది ఇంటి దగ్గర చేసే పని కాదు. "స్టార్టు కావడం లేదు" అని మాత్రమే చెప్పకుండా, "పెట్రోలు వస్తున్నది, రవ్వ వుంది, కిక్కు వదులుగా వుంది" అని చెబితే మెకానిక్కుకు సమయం, మీకు డబ్బు మిగులుతాయి.

పాలకు పెట్రోలు వాసన

మన సభ్యులు ముఖ్యంగా గమనించవలసినది ఇది. పాలలోని వెన్న చుట్టూ వున్న వాసనలను త్వరగా పట్టుకుంటుంది. పెట్రోలు తడిసిన చేతితో మూత తీసినా, ప్లగ్గు తుడిచిన గుడ్డతో క్యాను అంచు తుడిచినా ఆ వాసన పాలకు ఎక్కుతుంది. అటువంటి ఒక్క క్యాను కూలరులో కలిస్తే అందరి పాలూ చెడతాయి. కాబట్టి బండి పని చేసిన చేతులను సబ్బుతో కడుక్కున్న తరువాతనే క్యాను ముట్టుకోండి. పనిముట్లను క్యాను మూత మీద పెట్టవద్దు. పాల పాత్రలలో ఎన్నడూ పెట్రోలు పట్టవద్దు. పెట్రోలును నోటితో పీల్చి తీసే అలవాటు ప్రాణాంతకం, మానుకోవాలి.

ముందుజాగ్రత్త

సీటు కింద ఒక ప్లగ్గు స్పానరు, సందు సరిచేసిన మంచి ప్లగ్గు, రెండు ఫ్యూజులు, పొడి గుడ్డ, చిన్న టార్చి వుంచుకోండి. వీటికయ్యే ఖర్చు ఒక పూట పాలు పోవడం కన్నా తక్కువే. వేకువన పాలు పిండడానికి లేచినప్పుడే బండిని ఒకసారి స్టార్టు చేసి చూసి ఆపండి. మొరాయించే బండి అయితే పాలు ఇంకా పొదుగులో వుండగానే ఆ సంగతి తెలుస్తుంది. వేరే బండి ఏర్పాటుకు వ్యవధి వుంటుంది. వున్న జాగ్రత్తలన్నింటిలో ఇదే మేలైనది. దీనికి పనిముట్లు కూడా అక్కరలేదు.

స్విచ్చులు, పెట్రోలు, ప్లగ్గు, గాలి, బ్యాటరీ అనే ఈ వరుసను ఇంట్లో కుర్రవాళ్ళకూ ఆడపిల్లలకూ కూడా నేర్పండి. క్యానులు కేంద్రానికి తెచ్చే పని ఇప్పుడు వారు కూడా చేస్తున్నారు. సంఘం కార్యదర్శులు ఈ పుటను పాల కేంద్రం గోడకు అంటించి, చదవలేని సభ్యులకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.